ఐదేళ్ల బాబుతో ఉప్పునీటి గాలం: పడవలోనా, ఒడ్డునా?

ఒంగోలు ఆడపడుచు:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు, ఉండేది బెంగళూరు. సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు కొత్తపట్నం వైపు గడపాలని అనుకుంటున్నాం. మా బాబుకి ఐదేళ్లు నిండాయి. బకెట్టులో నీళ్లు పోసి, చీపురుపుల్లకు దారం కట్టి, చేప పడుతుందని గంటల తరబడి కూర్చుంటాడు.

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా నాన్న నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని ఉప్పుటేటికి తీసుకెళ్లేవారు. వెదురు కర్ర, తంగూసు, బెండు, ఒక డబ్బాలో రొయ్య ముక్కలు. అంతే సరంజామా. నాన్న పోయి ఏడాది దాటింది. ఆ కర్ర ఇంకా అమ్మావాళ్ల ఇంట్లో అటక మీదే ఉంది. దాంతోనే వీడి చేత మొదటి చేప పట్టించాలని నా ఆశ.

మా ఆయనేమో పడవ మాట్లాడుకుని సముద్రంలోకే వెళ్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పిల్లలతో వెళ్లినవాళ్లు చెప్పండి. పడవ మంచిదా, ఒడ్డు మంచిదా? ఏ వేళకి వెళ్లాలి?

కావలి వాస్తవ్యుడు:
పడవ వద్దమ్మా. మేము ఏడేళ్ల పాపతో ఫైబర్ పడవ ఎక్కాం. ఒడ్డు దగ్గర అలలు దాటేటప్పుడు పడవ ముక్కు పైకి లేచి ఒక్కసారిగా కింద పడింది. పాప భయంతో బిగుసుకుపోయింది, ఆ తర్వాత వాంతులు. పెద్దల లైఫ్ జాకెట్ వేస్తే భుజాల మీంచి జారిపోతోంది. అరగంటలో వెనక్కి తిప్పించాను. ఇప్పటికీ సముద్రం అంటే నా చెయ్యి వదలదు. ఆ రోజు తొందరపడ్డానని నాకు బాధగానే ఉంది.

పట్టపుపాలెం మాస్టారు:
అమ్మా, మాది వేట కుటుంబం. మా నాన్న, అన్నలు సముద్రం మీదే బతికారు, నేను బడిపంతులునయ్యాను. మా వాళ్లెవరూ ఐదేళ్ల బిడ్డను వేటకు తీసుకుపోరు. మీవారికి ఆ మాట చెప్పండి, ఆయనే ఒప్పుకుంటారు.

మీ నాన్నగారు చేసిందే సరైన పని. సముద్రం ఒడ్డున అలల్లో బెండు నిలవదు, పిల్లవాడికి చేప కొరికిందీ లేనిదీ తెలియదు. ఉప్పుటేటి గట్టున అయితే బెండు మునగడం వాడి కళ్లకు కనిపిస్తుంది. వాడికి కావలసింది ఆ క్షణమే. గుండ్లకమ్మ సముద్రంలో కలిసే మొగ దగ్గరకు మాత్రం వెళ్లొద్దు. అక్కడ నీటి లాగుడు ఎక్కువ, కాలి కింద ఇసుక కోసుకుపోతుంది. లోపలికి వచ్చి, గట్టు గట్టిగా ఉన్నచోట కూర్చోండి.

వేళ సంగతి. పోటు ఎక్కేటప్పుడు చేప నీటితో పాటు ఏట్లోకి వస్తుంది. పోటు మొదలైన రెండు గంటల్లో ముగించుకుంటే చాలు, అంతకన్నా ఎక్కువసేపు ఆ వయసు పిల్లలు కూర్చోలేరు. ఈరోజు పోటు ఎప్పుడో పాలెంలో ఎవరిని అడిగినా చెబుతారు. మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకీ పున్నమికీ నీటి జోరు ఎక్కువ, పిల్లలతో ఆ రోజులు తప్పించండి.

చిన్న గాలం తీసుకుని, దాని కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది. చేప జారిపోవచ్చు, పోనివ్వండి. ఎరకు పచ్చి రొయ్య తోక ముక్క చాలు. ఎక్కువగా జెల్లలు పడతాయి, అదృష్టం ఉంటే చిన్న పండుగప్ప. కొయ్యింగలు నీటి పైకి ఎగురుతూ ఆశపెడతాయి గానీ, అవి వలకు పడినంత తేలిగ్గా గాలానికి పడవు. వాటికోసం చోటు మార్చకండి.

ఒకవేళ ప్రయాణం వేసవికి వాయిదా పడితే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. బాబుకి అది కూడా చెప్పండి, పిల్లలకు బాగా అర్థమవుతుంది.

నెల్లూరు నర్సమ్మ:
మాస్టారు జెల్లల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి ముళ్లుంటాయి, వాటిలో విషం ఉంటుంది. బాబుని చేపను ముట్టుకోనివ్వద్దు, తడిగుడ్డతో మీరే పట్టుకోండి. గుచ్చుకుంటే ఆ చోటును వేడినీళ్లలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ముందు మీ చెయ్యి పెట్టి చూసుకోండి, పిల్లల చర్మం త్వరగా కాలుతుంది. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్లండి. ముల్లు లోపల విరిగితే ఆస్పత్రికే వెళ్లాలి. కాళ్లకు చెప్పులు తప్పనిసరి, గట్ల మీద గవ్వల పెంకులు కోసేస్తాయి.

ఒంగోలు ఆడపడుచు:
వెళ్లొచ్చాం. మాస్టారూ, మీ మాట చూపించగానే మా ఆయన పడవ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పొద్దున ఏడింటికి పోటు ఎక్కుతోందని టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన చెప్పారు. మొదటి గంట ఏమీ పడలేదు. బాబు రెండుసార్లు ఇంటికెళ్దామన్నాడు. మూడోసారి అడుగుతూ ఉండగానే బెండు మునిగింది. వాడు కర్ర లాగలేదు, రెండు చేతులతో గుండెకు హత్తుకుని "తాతయ్య చేప, తాతయ్య చేప" అని అరిచాడు. కర్ర నేనే ఎత్తాను. అరచెయ్యంత జెల్ల. తడిగుడ్డతో మా ఆయన విప్పారు, ఎవరికీ గుచ్చుకోలేదు. ఇంకో రెండు పడ్డాయి, మరీ చిన్నవి వదిలేశాం.

అమ్మ పులుసు పెట్టింది. ఈ కాలంలో మామిడికాయ దొరకలేదు, చింతపండుతోనే. రాత్రి వండి మర్నాడు పొద్దున తిన్నాం, నాన్న ఉన్నప్పటిలాగే.

ఒక్క సందేహం మాస్టారూ. కర్ర చివర జానెడు చీలింది. దారం చుట్టి బిగిస్తే నిలుస్తుందా, లేక ఆ ముక్క కోసెయ్యాలా? కోయడానికి మనసొప్పడం లేదు.

పట్టపుపాలెం మాస్టారు:
కోయకండి. తంగూసునే దగ్గర దగ్గరగా చుట్టి, పైన ఫెవిక్విక్ రాసి ఆరనివ్వండి. జెల్లల బరువుకు ఆగుతుంది.