3,500 ఆర్‌పీఎం దాటాక బండి లాగట్లేదు: గాలి అందకా, క్యాట్ (పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) మూసుకుపోయా?

ప్రశ్న:
1.2 పెట్రోల్, టర్బో లేదు, మ్యాప్ సెన్సార్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచేది) ఉన్న బండి. ఐడ్లింగ్ బాగుంది, సిటీలో తేడా తెలీదు. ఓవర్‌టేక్‌కి ఫుల్‌గా తొక్కితే 3,500 దగ్గర మొరాయిస్తోంది. చెక్ ఇంజన్ లైట్ లేదు, ఫ్యూయల్ ట్రిమ్ (బండి కంప్యూటర్ పెట్రోల్‌ని సర్దే మోతాదు) ±3 శాతం లోపే. ప్లగ్గులు కొత్తవి. థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి తెరుచుకునే భాగం) క్లీన్ చేయిస్తే పోతుందా?

జవాబు 1:
క్లీనింగ్ తర్వాత సంగతి, ముందు కొలవండి. ఓబీడీ డాంగిల్ (సెన్సార్ రీడింగ్‌లను ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్‌లో మ్యాప్ రీడింగ్ చూడండి. అది మీ ఊరి గాలి పీడనం: విశాఖలో 100 కిలోపాస్కల్ దగ్గర, హైదరాబాద్‌లో 95 దగ్గర. ఆ 95 చూసి సెన్సార్ పోయిందనుకోకండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో 2,000 నుంచి 5,500 దాకా ఫుల్ యాక్సిలరేటర్. రీడింగ్‌లు పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి. రెండు మూడు తగ్గడం మామూలే. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఎనిమిది, పది పడిపోతుంటే ఇన్‌టేక్‌లో, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలో, అడ్డం ఉన్నట్టే.

ట్రిమ్ బాగుందని ఇన్‌టేక్‌ని వదిలేయకండి. వచ్చిన గాలిని బట్టే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ కొడుతుంది, కాబట్టి మిక్స్చర్ చెడదు, పవర్ మాత్రం పోతుంది. గాలి అందకపోతే నల్ల పొగ రావడం డీజిల్ బండ్లలో కనిపించే లక్షణం.

జవాబు 2:
మ్యాప్ పడకుండానే లాగకపోతే క్యాట్‌ని అనుమానించండి. క్యాట్‌కి ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించండి. 2,500 ఆర్‌పీఎం దగ్గర పీడనం 3 పీఎస్ఐ దాటకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఆన్‌లో 95. తొక్కితే 2,500 దగ్గర 93, 5,000 దగ్గర 84. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోంది. ఎయిర్ ఫిల్టర్ తీసేసి, దాని బాక్స్ మూత బిగించి చూసినా 85 దాటలేదు.

జవాబు 1:
అయితే ఎగ్జాస్ట్ జోలికి వెళ్లొద్దు. మూత బిగించారు కాబట్టి మీ టెస్టులో తప్పుకున్నది ఫిల్టర్ ఒక్కటే. దాన్ని తిరిగి పెట్టి, బాక్స్‌లోకి గాలి తెచ్చే గొట్టం ఊడదీసి అదే టెస్ట్ చేయండి. 92కి వస్తే ఆ గొట్టంలో టార్చ్ వేసి చూడండి: పాలిథిన్ కవరో, ఎండుటాకులో, ఎలుక గూడో ఉంటుంది.

రాకపోతే బాక్స్ నుంచి థ్రాటిల్‌కి వెళ్లే రబ్బరు హోస్. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పిండి చూడండి. మెత్తబడి ఉంటే ఫుల్ థ్రాటిల్ పీల్పుకి అతుక్కుపోతుంది, ఐడ్లింగ్‌లో మాత్రం గుండ్రంగానే కనిపిస్తుంది. వేలు పెట్టి లోపలి పొర ఊడి వేలాడుతోందేమో కూడా తడమండి. ఈ రెంటిలో ఏదున్నా హోస్ మార్చాల్సిందే, క్లిప్ బిగిస్తే సరిపోదు. అదీ బాగుంటేనే థ్రాటిల్ బాడీ విప్పండి.