వర్ణపటంలో వర్ణం ఎక్కడిది?

మిత్రులారా, వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. రేడియో సంకేతాలను తెరమీద బొమ్మగా చూపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని హైదరాబాద్‌లో నలుగురం కలిసి మెరుగుపరుస్తున్నాం. ముగ్గురు కోడ్ రాస్తారు, నేను మెనూలకు తెలుగు రాస్తాను. 'స్పెక్ట్రమ్' అన్నచోట పాఠ్యపుస్తకాన్ని నమ్మి 'వర్ణపటం' అని పెట్టాను. కోడ్ రాసే అమ్మాయి ఒకటే అడిగింది: "సార్, బొమ్మను నలుపు తెలుపుల్లో పెడితే అది వర్ణపటం కాకుండా పోతుందా?"

నా దగ్గర జవాబు లేదు. లాటిన్‌లో స్పెక్ట్రమ్ అంటే కనిపించే రూపం, అంతే. అందులో రంగు ఊసే లేదు. న్యూటన్ పట్టకం నుంచి వచ్చిన ఏడు రంగుల పట్టీని చూసి మనవాళ్లు 'వర్ణం' చేర్చారు. అక్కడ అది చక్కగా అతికింది. తర్వాత అదే పేరు కంటికి కనబడని తరంగాలకూ పాకి, 'విద్యుదయస్కాంత వర్ణపటం' అయింది. మా తెరమీద రంగు సంకేతం ఎంత బలంగా ఉందో చెబుతుంది గానీ అది ఏ తరంగమో చెప్పదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారికి ఇబ్బందిగా ఉందని పోయిన నెల రంగులన్నీ నీలం నుంచి పసుపు దాకా ఉండేలా మార్చాం. స్టేషన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

అసలు చిక్కు తెరమీద స్పెక్ట్రమ్ బొమ్మ కింద ఉండే 'వాటర్‌ఫాల్' బొమ్మతో వచ్చింది. కంప్యూటర్‌కు తగిలించి టీవీ చూడటానికి తయారైన చవక యూఎస్‌బీ డాంగిల్‌తో ఇలా రేడియో వినవచ్చని 2012లో అందరికీ తెలిసింది. నాదీ అలాంటిదే. దాన్ని 102.4 మెగాహెర్ట్జ్ దగ్గర నిలిపితే ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు కనిపిస్తుంది. ఎడమవైపు 101.9 రెయిన్‌బో, కుడివైపు 102.8 వివిధ భారతి, రెండు నిలువు పట్టీలు. క్షణక్షణం పైన కొత్త గీత పుడుతుంది, పాతవి కిందికి జరుగుతాయి. ఈలోగా వంటింట్లో మా ఆవిడ గ్యాస్ లైటర్ నొక్కితే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా ఒక మెరుపు గీత. నాలుగుసార్లు నొక్కితే నాలుగు గీతలు. స్టవ్ ఎన్నో నొక్కుకు వెలిగిందో నా గదిలోంచే చెప్పగలను!

దీనికి 'జలపాతం' అని రాస్తే, ఎవరో కుంటాలకు దారి అడుగుతున్నట్టుంది అని మావాళ్లు నవ్వారు. 'జాలు' అన్నాను, జాలువారడంలోని జాలు. అదీ ఎవరికీ ఎక్కలేదు.

అప్పుడు పోచంపల్లి వైపు చేనేత కుటుంబంలో పుట్టిన ఒక పెద్దాయన తెర చూసి, "ఇది జలపాతం కాదు నాయనా, మగ్గం. ఆగకుండా ఉండే స్టేషన్ పడుగు, లైటర్ గీత పేక" అన్నారు. ఆయనే ఇంకో మాట కూడా గుర్తుచేశారు: పటం అంటే గుడ్డ అని కూడా అర్థం. అంటే వర్ణపటం రంగుల గుడ్డ! పై బొమ్మకు పనికిరాదని కొట్టేసిన మాట కింది బొమ్మకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

అయినా పెట్టలేదు. భౌతికశాస్త్రం చదివే పిల్లలకు ఒకే మాట రెండుచోట్ల రెండు అర్థాలిస్తే మనల్ని తిడతారు. ప్రస్తుతానికి పైదానికి 'స్పెక్ట్రమ్' అనే ఉంచి, కిందిదానికి 'నేతపటం' అని రాశాను. సహాయం పేజీలో పడుగు, పేకలతోనే వివరించాను. నా లెక్కన 'నేతపటం' మంచి మాటే. కాదనేవారు ఇంతకంటే మంచిది చూపించాలి.

'స్పెక్ట్రమ్' కూడా ఊరికే కుదరలేదు. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా బిగించి ఉండటంతో క్ట్ర కింది వత్తులు తెగిపోయాయి. ఇప్పుడు ఆ ఎత్తును ఫాంట్‌నే అడిగి తీసుకునేలా మార్చారు. కింద వేలాడే అక్షరాలున్న మిగతా భాషలవాళ్లకూ ఇది పనికొస్తుంది.

ఇక 'స్క్వెల్చ్' మిగిలింది. ఒక మట్టం పెట్టుకుంటే, దానికి లోబడిన రొదను ఆపేసి, పైకి పొంగిన సంకేతాన్ని మాత్రమే వినిపించే మీట అది. ఆనకట్టలాగా 'రొదకట్ట' అందామా? మీ ఇళ్లలో, పొలాల్లో దీనికి దగ్గరి మాట ఏదైనా ఉంటే చెప్పండి. ఆదివారం ఫైలు పంపాలి.