గుర్రం వీపు ఎన్నాళ్ళకోసారి పరీక్ష చేయించాలి?

తెల్లజూలు:
వారానికి నాలుగైదు రోజులు సవారీ చేసే గుర్రానికి వీపు ఎన్నాళ్ళకోసారి చూపించాలి? ఫిజియో ఆరు వారాలంటారు, జీను సరిచూసేవాళ్ళు ఆరు నెలలంటారు, నొప్పి కనబడితేనే పిలవమనేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళు చూసేది ఒకటేనా, వేరువేరా? మధ్యలో మనం చేత్తో చూసుకోవాల్సిందేమిటి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

పశువైద్యం:
వేరువేరు. అందుకే గడువులు కలవవు. ఫిజియో కండరాలనూ కదలికనూ చూస్తారు. జీను సరిచూసేవారు జీను వీపుమీద ఎలా కూర్చుంటోందో చూస్తారు. నొప్పికి మూలం ఎక్కడుందో తేల్చడం పశువైద్యుల పని.

ఇబ్బందేమీ లేకుండా క్రమంగా పనిచేసే పెద్ద గుర్రానికి ఫిజియో 3 నుంచి 6 నెలలకోసారి చాలు. పోటీల కాలంలో, గట్టిగా దూకించే గుర్రాలకు, చాలా దూరాలు పరిగెత్తేవాటికి 4 నుంచి 8 వారాలు. పని మానేసినదానికి ఏడాదికోసారి, టీకా వేయడానికి డాక్టరు వచ్చినప్పుడే వీపు కూడా చూపిస్తే సరిపోతుంది. కుర్ర గుర్రానికైతే మొదటిసారి జీను వేయకముందే ఒకసారి చూపించి, ఆ తర్వాత 3 నెలలకోసారి చూపించండి. దాని వెన్నుపూసల్లో ఎముక పెరిగే భాగాలు ఐదారేళ్ళకు గాని పూర్తిగా గట్టిపడవు. కాళ్ళ ఎముకలకన్నా ఇవి చాలా ఆలస్యం.

ఈ గడువులన్నీ మామూలు రోజులకే. గుర్రం కిందపడినా, శాలలో గోడవారన ఇరుక్కుని లేవలేక తన్నుకున్నా, జీను మారినా, నెలకు పైగా విశ్రాంతి తర్వాత మళ్ళీ పనిలోకి వస్తున్నా, బరువు బాగా తగ్గినా పెరిగినా, ఈనినా, గడువు కోసం ఆగకుండా అప్పుడే చూపించాలి.

అన్నిటికన్నా అక్కరకొచ్చేది వారానికోసారి యజమాని చేత్తో చేసే పరీక్ష. ఫిజియో ఏడాదికి నాలుగుసార్లు వస్తారు, మీ చెయ్యి రోజూ దాని వీపుమీద ఉంటుంది.

చేతిపరీక్ష:
ఆ వారపు పరీక్ష ఎలా చేయాలో రాస్తున్నాను.

ఎప్పుడూ ఒకే సమయంలో చేయండి, పనికి ముందైతే మేలు. వేడెక్కిన కండరంలో బిగువు సగం దాగిపోతుంది. గుర్రాన్ని చదునైన నేలమీద నాలుగు కాళ్ళూ సమంగా పెట్టించి నిలబెట్టాలి. వెనక కాలు మడిచి విశ్రాంతిగా నిలుచుంటే రెండు పక్కలూ పోల్చలేరు. ఒకరు తాడు పట్టుకోవాలి, కట్టేయకూడదు. మేత పెట్టొద్దు. నములుతున్న గుర్రం ముఖంలో ఏమీ చదవలేం.

ముందు కళ్ళతో. వెనక, బాగా దూరంగా, ఎత్తుమీద నిలబడి చూడండి. తుంటి ఎముకలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా, వెన్నుకు రెండు పక్కలా కండ సమానంగా ఉందా, మూపు వెనక గుంట పడిందా చూడాలి.

తర్వాత అరచెయ్యి వెచ్చగా ఆనించి మూపు నుంచి పిరుదు దాకా ఒకసారి నిమరండి. ఇది ఒక చోట వేడినీ వాపునూ పట్టుకోవడానికి. రెండోసారి నాలుగు వేళ్ళ మెత్తని భాగంతో, వెన్ను మధ్యగీతకు నాలుగైదు వేళ్ళ దూరంలో, నెమ్మదిగా బలం పెంచుతూ నొక్కాలి. ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆగి, అరచెయ్యంత వెడల్పు జరిగి మళ్ళీ నొక్కండి. మూపు దగ్గర మొదలుపెట్టి నడుము మీదుగా పిరుదు దాకా వెళ్ళాలి. ఎడమ పక్క అంతా అయ్యాకే కుడి పక్క. వేలి కొనతో గానీ పెన్నుతో గానీ పొడవకండి. అలా పొడిస్తే నొప్పిలేని గుర్రం కూడా వీపు కుంగదీస్తుంది.

మూడోసారి వెన్ను మధ్యగీత మీదే, ఎముక కొనలమీద తేలికగా వేళ్ళు నడపండి. ఒక కొన మిగతావాటికన్నా పైకి పొడుచుకొచ్చినట్టు తగిలినా, నొక్కితే గుర్రం తల ఎత్తినా రాసిపెట్టుకోండి.

చివరిగా పొట్ట పట్టీ చోటు నుంచి బొడ్డు వైపు మధ్యగీత వెంట వేళ్ళతో పైకి నొక్కితే వీపు లేవాలి. పక్కన, భుజం దగ్గర నిలబడే చేయాలి. కొన్ని గుర్రాలు వెనక కాలు ముందుకు విసురుతాయి.

తెల్లజూలు:
నొక్కగానే చర్మం అదురుతుంది. అది నొప్పేనా అండీ?

చేతిపరీక్ష:
చర్మం ఒక్కటే అదిరితే నొప్పి కాదు. ఈగ వాలినా అలాగే అదురుతుంది. అదే చోట మూడుసార్లు నొక్కి చూడండి. నొప్పి లేకపోతే మూడోసారికి స్పందన తగ్గిపోతుంది, ఉంటే పెరుగుతుంది. చెవులు వెనక్కి పోతాయి, తోక విసురుతుంది, కొరకడానికి తల తిప్పుతుంది, పక్కకు జరిగిపోతుంది. ఇంకో రకం ఉంది, దాన్ని చాలామంది మంచి గుర్తనుకుంటారు: ఎంత నొక్కినా వీపు కదలదు, కండరం చెక్కలా బిగిసి ఉంటుంది. అది ఓర్పు కాదు. నొప్పి ఉన్న చోటు కదలకుండా గుర్రం కాపాడుకుంటోంది.

జీనుకొలత:
జీను గడువు చెప్తాను. ఎదిగిన గుర్రానికి 6 నెలలు, ఆరేళ్ళలోపుదానికీ పని పెరిగి కండ పడుతున్నదానికీ 3 నెలలు. ఊలు నింపిన కొత్త జీనైతే మొదటి రెండు మూడు నెలల్లోనే ఊలు అణిగి జీను కిందికి దిగుతుంది. అప్పుడొకసారి తప్పకుండా చూపించాలి.

మధ్యలో మీరు చూసుకోవాల్సింది: ముందుగా జీను తలకిందులు చేసి కింది మెత్తలు తడమండి. గడ్డలు, ఒక పక్క ఎక్కువ నింపుడు ఉంటే తెలుస్తాయి. ముందు భాగం తొడకు ఆనించి వెనక అంచును దగ్గరికి లాగండి. నడిమిలో వంగినా, కిర్రుమన్నా లోపలి చట్రం విరిగి ఉండొచ్చు. ఇక ఆ జీను వాడొద్దు.

తర్వాత కింద గుడ్డ వేయకుండా మూపుమీద కాస్త ముందుగా పెట్టి, అదే ఆగే చోటుదాకా వెనక్కి జరపండి. భుజం ఎముక వెనక అంచుకూ జీను చట్రం ముందు కొనకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉండాలి. ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. జీను ముందుకు పెడితే ముందు భాగం భుజంమీదెక్కి పైకి లేస్తుంది, కూర్చునే చోటు వెనక్కి వాలుతుంది, రౌతు బరువంతా నడుముమీద పడుతుంది. అది చూసి వెనక భాగం కింద అదనపు మెత్త పెడతారు. పెట్టిన మెత్త జీనును ఇంకా ముందుకు తోస్తుంది.

రౌతు ఎక్కాక మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. మెత్తల మధ్య కాలువ మొదటి నుంచి చివరిదాకా మూడు నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి, వెనక్కి పోయేకొద్దీ ఇరుకైతే పనికిరాదు. జీను వెనక అంచు చివరి పక్కటెముక దాటకూడదు. గుర్రానికి 18 జతలుంటాయి. డొక్క దగ్గర చివరి దాన్ని వేలితో పట్టుకుని, దాని వంపు వెంట వీపుదాకా వెళ్తే హద్దు తెలుస్తుంది.

పట్టీ బిగించాక మెత్త కింద అరచెయ్యి ముందు నుంచి వెనక్కి జరపండి. ముందూ వెనకా గట్టిగా తగిలి నడిమిలో ఖాళీగా ఉంటే బరువంతా నాలుగు చోట్లే పడుతోందన్నమాట. కాస్త ఖాళీ ఉంటే కంగారు పడొద్దు, పనిలో వీపు పైకి లేస్తుంది. అందుకే నిలబెట్టి చూసి వదిలేయకుండా, మనిషి ఎక్కి నడిపించినప్పుడు కూడా చూడాలి.

అరగంట పని తర్వాత చెమట మరకలు చూడండి. కాలువ కింద పొడిగా ఉండడం మామూలే. మెత్త ఆనే చోట చుట్టూ తడిగా ఉండి నడుమ పొడి మచ్చ కనబడితే అక్కడ ఒత్తిడి బాగా ఎక్కువైనా కావాలి, అసలు తగలకపోయినా కావాలి. చేత్తో చూస్తేనే ఏదో తేలుతుంది. జీను దింపిన వెంటనే ఒకసారి, ఇరవై ముప్పై నిమిషాలకు మళ్ళీ ఒకసారి తడమండి. ఒత్తిడి వాపు కొన్నిసార్లు ఆలస్యంగా పొంగుతుంది. తెల్ల వెంట్రుకలు మాత్రం పాత గాయం గుర్తు. అక్కడ రంగునిచ్చే కణాలు అప్పుడే చనిపోయాయి. ఇవాళ్టి జీను మంచిదో చెడ్డదో వాటితో తేలదు.

రౌతు:
నేలమీద నుంచి ఎక్కే అలవాటు మానండి. ఎడమ పక్క నుంచి ఎక్కితే జీను ఎడమకు లాగబడి, చట్రం మూపు కుడి పక్కన ఒత్తుకుంటుంది. ఎత్తు పీట వాడండి.

గిట్టలపని:
జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారుతోందా? జీను మార్చే ముందు వెనక కాళ్ళు చూపించండి. వెనక కాలు కుంటుతున్న గుర్రాల్లో జీను ఒక పక్కకు జారడం పరిశోధనల్లోనే తేలింది. ఇంజక్షన్‌తో కాలి నొప్పి తాత్కాలికంగా ఆపితే చాలా వాటిలో జారడం కూడా ఆగింది. కంటికి కనబడనంత కుంటునైనా ఒక్కోసారి జీను చెప్పేస్తుంది.

వెనక గిట్టలు ముందు పొడుగ్గా పెరిగి మడమ కుంగితే పిరుదు, నడుము కండరాలమీద భారం పడుతుంది. గిట్టల పని 4 నుంచి 6 వారాలకోసారి జరగాలి. లాడాలు మార్చిన రోజే ఫిజియోను పిలవొద్దు. గుర్రం కొత్త గిట్టమీద నడక కుదుర్చుకోవడానికి ఒక వారం ఇవ్వండి. పళ్ళు 6 నుంచి 12 నెలలకోసారి చూపించాలి. నోరు నొస్తే కళ్ళెం నుంచి తప్పించుకోవడానికి తల ఎత్తుతుంది, తల ఎత్తితే వీపు కుంగుతుంది.

పశువైద్యం:
గిట్టలపని గారు చెప్పింది చాలా ముఖ్యం. ఫిజియో వచ్చిన ప్రతిసారీ అదే చోట అదే బిగువు దొరుకుతుంటే, మూడోసారికి ఆ గుర్రాన్ని కుంటు పరీక్షకు పంపండి. గడువు నాలుగు వారాలకో, మూడు వారాలకో తగ్గించడం పరిష్కారం కాదు. వెనక మోకాలు, దాని కింది హాక్ కీలు, తుంటి ఎముకకు త్రికం (వెన్ను చివర, తోకకు ముందుండే ఎముక) కలిసే కీలు, వీటిలో నొప్పి ఉంటే వీపు ఆ భారాన్ని మోస్తూ బిగుసుకుంటుంది. పట్టీ బిగించేటప్పుడు మాత్రమే కోపం చూపే గుర్రానికి కడుపులో పుండ్లు కూడా ఉండొచ్చు. అది ఎండోస్కోపీతోనే తేలుతుంది. వెంట్రుకలు పక్కకు పాయదీసి చర్మం కూడా చూడండి. వానకు నాని పుట్టే పొక్కులు జీను కింద ఉంటే ఎంత మసాజ్ చేసినా నొప్పి పోదు.

సవారీలో కనబడే నొప్పి గుర్తులకు 24 అంశాల పట్టిక ఉంది. చెవులు 5 సెకన్లకు పైగా వెనక్కి ఉంచడం, నోరు పదేపదే తెరవడం, తోక విసరడం, తల ఒక పక్కకు వాల్చడం, క్యాంటర్‌లో (నెమ్మదైన దౌడులో) తప్పు కాలుతో మొదలవడం లాంటివి. 24లో 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనబడితే కండరాల, కీళ్ళ నొప్పి ఉండే అవకాశం బలంగా ఉంది. అలాంటి గుర్రాన్ని మొండిదని శిక్షించకండి, దయచేసి.

ఎక్స్‌రే గురించి: వెన్నుపూసల పై కొనలు ఒకదానికొకటి రాసుకునే సమస్య ఎక్కువగా 13 నుంచి 18వ పూస మధ్య, అంటే జీను కిందే వస్తుంది. కానీ ఎక్స్‌రేలో అలా కనబడే గుర్రాలు చాలా వాటికి నొప్పే ఉండదు. ఆ చోటు మాత్రమే మొద్దుబారే ఇంజక్షన్ ఇచ్చి సవారీలో మార్పు వచ్చిందో లేదో చూశాకే చికిత్స మాట. పరీక్షకు ముందు నొప్పి మందులు ఇచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. మందు పనిచేస్తుంటే ఏ పరీక్షా నమ్మకంగా తేలదు.

వెనక భాగం ఊగుతున్నా, కాలి కొనలు ఈడుస్తున్నా, తోక వేలాడిపోయినా అదే రోజు డాక్టరును పిలవండి. పని తర్వాత పిరుదు కండలు గట్టిపడి, చెమటలు పట్టి, మూత్రం ముదురు రంగులో వస్తే నడిపించొద్దు, మసాజ్ చేయొద్దు. నిలబడిన చోటే ఉంచి వెంటనే పిలవండి.

తెల్లజూలు:
ఫిజియో చూసి వెళ్ళాక ఏం చేయాలి? క్యారెట్ చూపించి తల తిప్పించే వ్యాయామాలు నిజంగా పనిచేస్తాయా?

చేతిపరీక్ష:
ఒకటి రెండు రోజులు సవారీ వద్దు. బయట వదలండి, చేత్తో పట్టుకుని నడిపించండి.

క్యారెట్ వ్యాయామం పనిచేస్తుంది, నిదానంగా చేస్తే. గడ్డం రొమ్ముకు, ముందు మోకాళ్ళ మధ్యకు, చీలమండల మధ్యకు. తర్వాత రెండు పక్కలా పొట్ట పట్టీకి, తుంటికి, వెనక చీలమండ వైపుకు. ఒక్కో భంగిమలో 5 సెకన్లు ఆపాలి, 5 సార్లు చేయించాలి, వారానికి 5 రోజులు. ఇలా మూడు నెలలు చేయించిన గుర్రాల్లో వెన్నును ఆనుకుని లోపల ఉండే మల్టిఫిడస్ కండరం మందం పెరిగినట్టు అల్ట్రాసౌండ్ కొలతల్లో తేలింది. వెన్నుపూసలను నిలిపి ఉంచే కండరం అదే. వీపు నొప్పిలో ముందుగా కరిగిపోయేదీ అదే. చాలామంది క్యారెట్ విసిరినట్టు చూపించి గుర్రం లాక్కోగానే ఇచ్చేస్తారు. అలా చేస్తే ఒక్క కుదుపు తప్ప కండరానికి పని ఉండదు. గుర్రం కాళ్ళు కదిపినా లెక్క కాదు, దూరం తగ్గించి మళ్ళీ చేయించండి. కొత్త గాయంలో మాత్రం డాక్టరు ఒప్పుకోకుండా చేయించొద్దు.

తెల్లజూలు:
వారం వారం పరీక్షలో ఆరు నెలలుగా ఏమీ దొరక్కపోతే ఫిజియోను మానేయొచ్చా?

జీనుకొలత:
మానొద్దు. రోజూ చూసే కంటికి రెండు పక్కలా సమానంగా, నెమ్మదిగా కరిగే కండ కనబడదు. అందుకే నెలకోసారి ఆకారం కాగితంమీదికి ఎక్కించండి. వంచితే వంగి అలాగే నిలిచే కొలబద్ద కొనండి. మూడు చోట్ల వీపుకు అడ్డంగా వంచాలి: భుజం ఎముకకు రెండు వేళ్ళ వెనక, జీను నడిమి చోట, చివరి పక్కటెముక దగ్గర. నాలుగు కాళ్ళూ సమంగా, తల మామూలు ఎత్తులో ఉండాలి. తల దించితే వీపు ఆకారమే మారిపోతుంది. మధ్యగీత గుర్తుపెట్టి, మూడు గీతలూ ఒకే కాగితంమీద గీసి తేదీ వేయండి. తర్వాతి నెల అదే కాగితంమీద వేరే రంగుతో గీయండి. ఒక పక్క గీత లోపలికి పోతే గిట్టలపని గారు చెప్పిన కుంటు పరీక్ష. రెండు పక్కలా మూపు వెనక గుంట పడుతుంటే ముందు జీను వెడల్పు చూపించండి. గీతలు బయటికి పెరిగితే కొవ్వా కండా అన్నది చేత్తో తేల్చుకోండి. ఏదైనా జీను ఇరుకవుతోందనే అర్థం, ఆరు నెలల గడువు దాకా ఆగకండి.