నాన్న వీలునామా: ప్రొబేట్‌కు ఎంత కాలం?

ప్రశ్న: మాది మలక్‌పేట. నాన్న వీలునామాలో నన్నే ఎగ్జిక్యూటర్‌గా, అంటే దాన్ని అమలుచేసే వ్యక్తిగా రాశారు. అమ్మ బీరువాలో జాకెట్టు ముక్కల కింద దొరికింది. బ్యాంకువారు ప్రొబేట్ (వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెమ్మంటున్నారు. ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: కోర్టు గుమస్తాగా రిటైరైనవాణ్ని. మరణించి 7 రోజులు గడవందే ప్రొబేట్ ఇవ్వరు. తర్వాతి కాలం మీ తోబుట్టువుల చేతిలో ఉంది! వారసులకు నోటీసులు వెళ్తాయి. అందరూ సరేనంటే నెలల్లో తేలవచ్చు. ఒక్కరు కాదన్నా దావాగా మారుతుంది, ఇక ఏళ్లే. ముందు చెప్పండి, సాక్షులు ఉన్నారా?

ప్రశ్నించినవారు: ఒకరు పోయారు. రెండో ఆయన పక్కింటి మాస్టారు, ఎనభై దాటాయి.

జవాబు: అయితే ఈ వారమే వకీలును కలవండి బాబూ. మంజూరయ్యాక 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకివ్వాలి. అంత్యక్రియల రసీదులు కూడా దాచండి.

ప్రశ్నించినవారు: పురోహితుడు రసీదు ఇస్తారా అండీ?