పొడపత్రి పొడి: డబ్బా మీద శాతం నమ్మాలా, నాలుకనా?

నల్లమల కుర్రోడు:
షాపులో పొడపత్రి (షుగర్‌కి వాడే తీగ ఆకు) పొడి డబ్బా చూశా, 'జిమ్నెమిక్ యాసిడ్స్ 25 శాతం' అని రాసి మామూలు ఆకుపొడి కన్నా ఎన్నో రెట్లు రేటు పెట్టారు. మా వైపు ఆకు నమిలి చిటికెడు పంచదార నోట్లో వేసుకుంటాం, ఇసక నమిలినట్టుంటే ఆకు అసలుది, తియ్యగా తగిలితే కాదు, అంతే. దీనికి ల్యాబ్ దేనికండీ, రేటు పెంచడానికి కాకపోతే?

క్యూసీ లక్ష్మి:
నాలుక టెస్టు ఉత్తిది కాదండీ, ఆకులోని ఆ జిమ్నెమిక్ యాసిడ్స్ నాలుక మీద తీపిని పట్టే రిసెప్టర్‌ని కాసేపు అడ్డుకుంటాయి. 1887లో రసాయన శాస్త్రవేత్త డేవిడ్ హూపర్ ఈ ఆకు మీద పని చేసింది కూడా ఆ రుచి సంగతి తేల్చడానికే. కానీ నాలుక ఉందో లేదో చెప్తుంది, ఎంతుందో చెప్పదు. వేరే ఆకు సగం కలిపినా తీపి పోవచ్చు. సీసం సంగతేంటి మరి? లిమిట్ సీసానికి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10), ఆర్సెనిక్‌కి 3, పాదరసానికి 1, కాడ్మియంకి 0.3. రోడ్డు పక్క కంచె మీద తీగ కోసుకొస్తే ఏ నాలుక పట్టుకుంటుంది?

రామ్మోహన్:
మేడమ్, లోహాల విషయం ఒప్పుకుంటా, నా పేచీ ఆ 25 దగ్గరే. జిమ్నెమిక్ యాసిడ్ అంటే ఒకటి కాదు, సాపోనిన్ల (నీళ్లలో నురగ వచ్చే మొక్క పదార్థాల) గుంపు. పాత పద్ధతిలో ఎక్స్‌ట్రాక్ట్‌లో యాసిడ్ పోసి కిందకి దిగిన మడ్డిని ఎండబెట్టి తూకం వేస్తారు, దాంతో పాటు వేరేవి కూడా దిగుతాయి, అదంతా శాతంలోకే. అదే శాంపిల్‌ని యాసిడ్‌తో, క్షారంతో విడగొట్టి వచ్చిన జిమ్నెమాజెనిన్‌ని (ఆ యాసిడ్స్ అన్నిట్లో ఉండే మూల భాగాన్ని) హెచ్‌పీఎల్‌సీలో, అంటే పదార్థాల్ని విడదీసి కొలిచే మెషిన్‌లో, కొలిస్తే నంబర్ బాగా తగ్గుద్ది. ఏ పద్ధతిలో వచ్చిన 25 అని డబ్బా మీద వెతికినా కనపడదు.

నల్లమల కుర్రోడు:
నేనన్నదీ అదే కదన్నా!

రామ్మోహన్:
కాదు తమ్ముడూ, నువ్వు ల్యాబే వద్దంటున్నావ్. నేను పద్ధతి రాయమంటున్నా.

డాక్టర్ ఆయుర్వేద:
అసలు ఒక్క మార్కర్ (కొలవడానికి ఎంచుకున్న పదార్థం) వెంట పడటమే తప్పు. నేనిచ్చేది మొత్తం ఆకు చూర్ణం. నంబర్ కోసం ఆ ఒక్కటే పిండి మిగతాది పారేస్తే అది వేరే మందు. బూడిద ఎంత, అందులో యాసిడ్‌కి కరగనిదెంత (మట్టీ ఇసకా అక్కడే బయటపడతాయి), నీళ్లలో ఆల్కహాల్‌లో ఎంత కరుగుద్ది, మైక్రోస్కోప్ కింద ఆకు నూగు, ఆగ్జలేట్ స్ఫటికాలు కనపడుతున్నాయా, ఒక టీఎల్‌సీ ప్లేటు (ఆకులోని పదార్థాలు మచ్చలుగా విడిపోయి కనపడేది). చిన్న ల్యాబ్‌లో అయిపోయే పనులివి.

క్యూసీ లక్ష్మి:
డాక్టర్‌గారూ అవన్నీ ఆకు ఇదేనా, శుభ్రంగా ఉందా అని చెప్తాయి, బలం చెప్పవు. సీజన్ బట్టి, చోటు బట్టి ఆకులో యాసిడ్స్ మారతాయి. మీ పేషెంట్ పక్కన గ్లిమెపిరైడ్ (షుగర్ తగ్గించే మాత్ర) కూడా వేసుకుంటుంటే, ఈ డబ్బా అయిపోయి కొత్త బ్యాచ్ ఎక్కువ బలంగా వస్తే షుగర్ డౌన్ అవదా? నేను భయపడేది దానికే.

డాక్టర్ ఆయుర్వేద:
అందుకే షుగర్ చెక్ చేసుకుంటూ వాడమంటాం. డబ్బా మీద అంకె చూసి డోసు నిర్ణయించేవాళ్లతోనే నాకు ఎక్కువ భయం.

నల్లమల కుర్రోడు:
సరే ఇవన్నీ చేయిద్దాం, ఖర్చెవరిది? తీగలు వెతికి ఆకు కోసి ఎండబెట్టేవాళ్లకి కిలోకి వచ్చేదే అంతంత మాత్రం, దాంట్లోంచి టెస్టుకి కోస్తామంటే నేనొప్పుకోను.