టింపనీ వాయించేవాళ్లు తోలుకు చెవి ఆనించి ఏం వింటారు?

మైలాపూర్‌మృదంగం:
మొన్న ఎగ్మోర్ మ్యూజియం థియేటర్‌లో ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లాను. వెనక వరసలో టింపనీ అనే నాలుగు రాగి గంగాళాలు, మీద తోలు. వాయించే ఆయన చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. మధ్యలో వంగి, చెవి ఆనించి, వేలితో మెల్లగా తట్టి, కాలితో ఏదో తొక్కాడు. మేం మృదంగం కుడివైపు రాయితో తట్టి శ్రుతి చేసుకున్నట్టే ఉంది. తెలిసినవాళ్లు చెప్పరా?

వడపళనిడ్రమ్స్:
శ్రుతే అండీ. పెడల్ తొక్కితే తోలు బిగిసి స్వరం పైకి పోతుంది. చుట్టూ అందరూ వేరే స్వరాల్లో హోరెత్తిస్తుంటే, తర్వాత కావాల్సిన స్వరాన్ని మనసులో పట్టుకుని, ఎవరికీ వినపడకుండా సరిచేసుకోవాలి. నేను తోలు దగ్గర నోరు పెట్టి ఆ స్వరం సన్నగా పలుకుతాను. శ్రుతి కుదిరిందా, కొట్టకుండానే తోలు తిరిగి మోగుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు జలదరించింది.

బెంగళూరువయోలా:
18వ శతాబ్దపు స్వరకర్తలు హేడన్, మోజార్ట్ కాలంలో టింపనీలు మామూలుగా రెండే ఉండేవి. మన లెక్కలో ఒకటి షడ్జం (స), రెండోది ఎక్కువగా మంద్ర పంచమం (కింది ప). తంబూరా విన్న చెవికి ఇది కొత్తేం కాదు! బీథోవెన్ 1812లో రాసిన ఎనిమిదో సింఫనీ చివరి భాగంలో రెండింటినీ షడ్జానికే కట్టాడు, ఒకటి కింది స్థాయి, ఒకటి పై స్థాయి. ఆయన 1806 వయొలిన్ కాన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వయొలిన్ ముందుండి వాయించే రచన, తప్పకుండా వినండి. అంతా నిశ్శబ్దం, టింపనీ ఒక్కటే మెల్లగా నాలుగు దెబ్బలు. ఐదో దెబ్బకి ఊదే వాద్యాలు అందుకుంటాయి. మేం వయోలాలు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. ఆ దెబ్బల నడకే మొదటి భాగమంతా మళ్లీ మళ్లీ వస్తుంది.

పెరంబూర్‌కోయిర్:
మా దగ్గర పాత దూడతోలువి ఉండేవి. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలకి తోలు సడలి స్వరం దిగిపోయేది. హాల్లో ఏసీ వేస్తే ఆరి బిగుసుకుని ఎగబాకేది. ఓ క్రిస్మస్ కచేరీలో సగం స్వరం పైన మోగింది, ట్రంపెట్ల లాంటివి ఊదే బ్రాస్ వాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. ఇప్పుడు ప్లాస్టిక్ వేశాం, చాలావరకు నయం. కానీ ఆ తోలు నాదంలోని మెత్తదనం ఇందులో లేదు, నాకు బెంగ తీరలేదు.

మైలాపూర్‌మృదంగం:
అన్నా, నడిమధ్య కొట్టరేం?

వడపళనిడ్రమ్స్:
మధ్యలో కొడితే దబ్బుమంటుంది, స్వరం తేలదు. అంచుకి మూడు నాలుగు అంగుళాల లోపల కొట్టాలి. మోత ఆపడానికి వేళ్ల కొసలు తోలుకు ఆనిస్తాం, నువ్వు అరచేత్తో మృదంగం ఎడమవైపు తొప్పి మూసినట్టే. ఆదివారం మా రిహార్సల్‌కి రా, పెద్దదాని మీద చెవి పెట్టి విందువుగాని. 32 అంగుళాలది.