పీసీఏ బటన్ బంధువులు నొక్కకుండా, మందు సెలైన్ గొట్టంలోకి ఎక్కకుండా ఏం చేస్తున్నారు?

కోనసీమ వైపు ఆసుపత్రుల్లో పెద్ద ఆపరేషన్ల తర్వాత పీసీఏ పంపు (నొప్పి పుడితే పేషెంటే బటన్ నొక్కి మందు ఎక్కించుకునేది) వాడే నర్సులు, మత్తు డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. సెట్టింగు మామూలుదే: మార్ఫిన్ మి.లీ.కి 1 మి.గ్రా., నొక్కితే 1 మి.గ్రా., లాకౌట్ (మళ్లీ నొక్కినా మందు రాని వ్యవధి) 8 నిమిషాలు, బేసల్ (నొక్కకుండానే ఎక్కే మందు) సున్నా.

మగతలోకి జారిన పేషెంటు తనంతట నొక్కలేడు, మందు ఎక్కువ కాకుండా అసలు రక్షణ అదే. "అయ్యో, మూలుగుతున్నాడు" అని పక్కనున్నవాళ్లు నొక్కితే అది పోయినట్టే. బటన్‌కి చీటీ అంటించినా అర్ధరాత్రి ఎవరు చదువుతారండీ? అటెండర్లకి ఎప్పుడు, ఎలా చెబుతున్నారు?

రెండోది ఇంకా చిక్కు. పంపు లైను, సెలైన్ లైను ఒకే కాన్యులాకి (నరంలో పెట్టిన సన్న గొట్టానికి) వై ముక్కతో కలుపుతున్నారు. కాన్యులా మూసుకుంటే మందు సెలైన్ గొట్టంలోకి వెనక్కి ఎక్కుతుంది. ఒత్తిడి పెరగదు కాబట్టి పంపు అలారం కొట్టకపోవచ్చు. చేయి సర్దగానే అదంతా ఒక్కసారిగా రక్తంలోకి పోతుంది. సెలైన్ వైపు వన్‌వే వాల్వు ఉండాలి. అలాంటి సెట్లు కాకినాడ, రాజమండ్రిలో విడిగా దొరుకుతున్నాయా? లేక పీసీఏకి వేరే కాన్యులానే పెడుతున్నారా?

నలోక్సోన్ (మార్ఫిన్‌కి విరుగుడు) మంచం దగ్గరే ఉంటుంది, గంటగంటకీ శ్వాస, మగత స్కోరు రాస్తారు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకి శ్వాస తగ్గినా వేలి మీటరులో ఆక్సిజన్ అంకె ఆలస్యంగా పడుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మమని మాత్రం చెప్పకండి.